బ్యాటరీ ప్యాకులు రూపొందించే ఇంజనీర్లకు పీణ్య నుంచి ఒక స్క్రీన్ ప్రింటర్ లేఖ

బెంగళూరులోనూ చుట్టుపక్కలా విద్యుత్ ఆటోలకు, స్కూటర్లకు, ఇళ్లలోని ఇన్వర్టర్లకు బ్యాటరీ ప్యాకులు తయారుచేస్తున్న ఇంజనీర్లందరికీ నమస్కారం.

మీలో ఏ ఒక్కరి మీదా ఫిర్యాదు చేయడానికి ఈ లేఖ రాయడం లేదు. మీకు అవసరమైనది ఒకటి మా దగ్గర ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. దాన్ని మీ ముందు పెట్టాలని ఏడాదిగా అనుకుంటున్నాను.

నేను పీణ్య పారిశ్రామికవాడలో చిన్న స్క్రీన్ ప్రింటింగ్ కార్ఖానా నడుపుతున్నాను. మా నాన్నగారు హిందూపురం నుంచి వచ్చి పెట్టిన కార్ఖానా అది. ఆయన కాలంలో శుభలేఖలు, దేవుళ్ల క్యాలెండర్లు, సంచుల మీద బట్టల దుకాణాల పేర్లు అచ్చువేసేవాళ్లం. పని నా చేతికి వచ్చాక మెంబ్రేన్ కీప్యాడ్లకు మళ్లాను. తూకం యంత్రాల మీద, లిఫ్టుల్లో, ఆస్పత్రి పరికరాల మీద వేలితో నొక్కితే మెత్తగా లోపలికి దిగే పలకలుంటాయి కదా, అవే. పైకి కనిపించేది రంగుల బొమ్మ. దాని వెనక పాలిస్టర్ షీటు మీద వెండి ఇంకుతో అచ్చువేసిన సన్నని గీతలు ఉంటాయి. వాటిలో కరెంటు నడుస్తుంది. అంటే ఇరవై ఏళ్లుగా నేను అచ్చువేస్తున్నవి తీగలే.

ఇక అసలు సంగతికి వస్తాను. మా పెదనాన్నగారి అబ్బాయి విద్యుత్ ఆటో నడుపుతాడు. గ్యాసు ఆటో అమ్మేసి, పైన అప్పు చేసి మూడేళ్ల కిందట కొన్నాడు. పోయిన వేసవిలో ఒక సాయంత్రం జాలహళ్లి నుంచి ఇద్దరు వృద్ధ దంపతులను యశ్వంతపురం రైల్వే స్టేషనుకు తీసుకెళ్తున్నాడు. హ్యాండిల్ ముందున్న పలక మీద చార్జి 22 శాతం అని ఉంది. అతని అనుభవం ప్రకారం అది ఇరవై కిలోమీటర్లకు సరిపోవాలి. గొరగుంటెపాళ్య కూడలి దాటుతుండగా బండి గుంజడం మానేసింది, నాలుగడుగులు దొర్లి ఆగిపోయింది. పలక మీద 22 అలాగే వెలుగుతోంది. ఒక్క క్షణం గడిచాక అది సున్నా అయింది. తుమకూరు రోడ్డు మీద సాయంత్రం పూట లారీల మధ్య ఆగిపోయిన ఆటో ఎలా ఉంటుందో మీకు తెలుసు. అన్నయ్య వాళ్ల పెట్టెలు భుజాన వేసుకుని వేరే ఆటో కోసం పరుగెత్తాడు. రైలు అందలేదు. ఆ రాత్రి మా ఇంటికి వచ్చి అన్నం ముందు కూర్చుని ముద్ద కలపకుండా అన్నాడు: "అది నాతో అబద్ధం చెప్పింది."

బండి పాడైందని అతను అనలేదు. అబద్ధం చెప్పిందన్నాడు. ఆ మాట నన్ను వదలలేదు.

సర్వీసు సెంటరులో పరీక్షించి బ్యాటరీలో లోపమేమీ లేదన్నారు. వారానికి ఒకసారైనా చార్జి వంద శాతం దాకా పెట్టమని చెప్పారు. అది సరైన సలహాయేనని తరవాత తెలుసుకున్నాను. కానీ అన్నయ్య అప్పటి నుంచి చార్జి 35 శాతానికి దిగగానే బండి పక్కకు తీస్తున్నాడు. దగ్గరి బేరం వచ్చినా ఒప్పుకోడు. యశ్వంతపురం మార్కెట్ యార్డు దగ్గర చార్జింగ్ కోసం వరసలో నిలబడే డ్రైవర్లను నేను స్వయంగా అడిగి చూశాను. తెలుగువాళ్లు, కన్నడిగులు, తమిళులు అందరూ ఉన్నారు. ఒకరు 30 దగ్గర ఆగుతారు, ఒకరు 40 దగ్గర. గీత ఎక్కడ గీసుకున్నారని అడిగితే ప్రతి ఒక్కరికీ చెప్పడానికి ఒక కథ ఉంది, ఒక కూడలి పేరు ఉంది. ఆ బండిలో అన్నిటికంటే ఖరీదైన భాగం బ్యాటరీ. దాని మొత్తం ధర మీద నెలనెలా వాయిదాలు కడుతూ, మూడింట రెండు వంతులే వాడుకుంటున్నారు. మిగతా వంతు కేవలం అపనమ్మకం వల్ల రోజూ వృథాగా తిరుగుతోంది, ఆటోతో పాటే, బరువుగా.

ఇలా ఎందుకు జరుగుతుందో మీకు నేను చెప్పనక్కర్లేదు. అయితే ఈ లేఖను ఆటో నడిపేవాళ్లూ చదవాలి గనక నేను తెలుసుకున్నంత వరకు చెబుతాను. తప్పుంటే మీరు దిద్దాలి.

మా ఇంట్లో పాత ఇన్వర్టరుకు సీసం బ్యాటరీ ఉండేది. నాన్నగారు దాని మూత విప్పి, గాజు గొట్టం లాంటి హైడ్రోమీటరుతో లోపలి ద్రవాన్ని పీల్చి చూసేవారు. తేలే బిరడా 1.28 దగ్గర నిలిస్తే బ్యాటరీ నిండుగా ఉన్నట్టు, 1.12 దాకా మునిగితే ఖాళీ అయినట్టు. చార్జి ఖర్చవుతున్న కొద్దీ ద్రవంలోని గంధకామ్లం సీసం పలకల్లోకి వెళ్లిపోతుంది, ద్రవం పలుచబడుతుంది. మూత విప్పకపోయినా, కాసేపు వాడకుండా ఉంచి వోల్టేజి కొలిస్తే చాలావరకు తెలిసిపోతుంది. నిండుగా ఉంటే 12.7 వోల్టుల దగ్గర, అడుగంటితే 11.9 దగ్గర. మధ్యలో దాదాపు మెట్టు మెట్టుగా దిగుతుంది. బావిలో నీళ్లు ఎంతున్నాయో చేద తాడు చెప్పినట్టే.

ఆటోల్లో ఇప్పుడు ఎక్కువగా వాడేది లిథియం ఐరన్ ఫాస్ఫేట్ బ్యాటరీ. ఈ పదార్థం బ్యాటరీకి పనికొస్తుందని చాటిన 1997 నాటి పరిశోధన పత్రంలో బ్యాటరీ శాస్త్రవేత్త జాన్ గుడ్‌ఇనఫ్ పేరుతో పాటు పాఢీ, నంజుండస్వామి అనే రెండు పేర్లు ఉన్నాయి. ఆ సంగతి తెలిసిన రోజు నాకు ఎంతో సంతోషం కలిగింది. తక్కిన చాలా లిథియం రకాల కంటే వేడికి బాగా తట్టుకుంటుంది, ఎక్కువ ఏళ్లు మన్నుతుంది, ఖరీదైన కోబాల్ట్ అక్కర్లేదు. పేదవాడి బండికి తగిన బ్యాటరీ. కానీ దానిలో ఒక చిక్కు ఉంది. చార్జి 80 శాతం నుంచి 20 శాతానికి దిగినా ఒక్కో సెల్ వోల్టేజి మారేది సుమారు పదో వంతు వోల్టు మాత్రమే. యాక్సిలరేటరు తిప్పిన ప్రతిసారీ అంతకంటే ఎక్కువే ఊగుతుంది. చెరువు మధ్యలో నిలబడి నీటి లోతు చూడకుండా అలలను బట్టి అంచనా వేసినట్టు ఉంటుంది పరిస్థితి.

అందుకే మీ బీఎంఎస్, అంటే ప్యాకును కనిపెట్టి చూసే ఎలక్ట్రానిక్ బోర్డు (బ్యాటరీ మేనేజ్‌మెంట్ సిస్టమ్), వోల్టేజిని నమ్మకుండా పద్దు రాస్తుంది. లోపలికి ఎంత కరెంటు వచ్చింది, బయటికి ఎంత పోయింది అని లెక్క కట్టి, మిగిలింది ఇంత అని చెబుతుంది. దుకాణం గల్లాపెట్టె తెరవకుండా చిట్టా పుస్తకం చూసి నిల్వ చెప్పడం లాంటిది. పుస్తకంలో ప్రతి పద్దులోనూ ఒక పైసా తప్పు పడుతుంటే నెలాఖరుకు ఏమవుతుందో వ్యాపారం చేసేవాళ్లకు తెలుసు. 150 ఆంపియర్ అవర్ల ప్యాకులో కరెంటు కొలత ఒకే వైపుకు 0.2 ఆంపియర్ తప్పుతోందనుకుందాం. రోజుకు 12 గంటల్లో 2.4 ఆంపియర్ అవర్లు, అంటే 1.6 శాతం. పది రోజుల్లో 16 శాతం. సాధారణంగా ప్యాకు పూర్తిగా నిండినప్పుడే బీఎంఎస్ ఆ తప్పును తుడిచేసి మళ్లీ వంద నుంచి మొదలుపెడుతుంది. మధ్యాహ్నం భోజనం వేళ నలభై నిమిషాలు, రాత్రి అద్దె ఇంటి సందులో కరెంటు ఉన్నంతసేపు చార్జి పెట్టుకునే మనిషి బ్యాటరీ పూర్తిగా నిండే రోజు ఎప్పుడు వస్తుంది? సొంత గ్యారేజీ ఉన్నవాడి గేజీ నిజం చెబుతుంది, లేనివాడి గేజీ తప్పు చెబుతుంది. ఇది ఎవరూ కావాలని చేసింది కాదని తెలుసు. అయినా బాధగా ఉంటుంది.

ఇంకో సంగతి ఉంది. ప్యాకులో 16 సెల్స్ వరసగా ఉంటే, వాటిలో అన్నిటికంటే బలహీనమైనది ఎప్పుడు అడుగంటితే అప్పుడే ప్యాకు మొత్తం ఆగాలి. మిగతా పదిహేనింటిలో ఎంత ఉన్నా ప్రయోజనం లేదు. అన్నయ్య ఆటోలో ఆ రోజు జరిగింది బహుశా ఈ రెండూ కలిసిన ఫలితం. ఏ సెల్ బలహీనపడిందో మీ బీఎంఎస్‌కు తెలుసు, మీ సర్వీసు సెంటరు కంప్యూటరుకు తెలుసు. బండి నడిపే మనిషికి మాత్రం ఒకే ఒక అంకె కనిపిస్తుంది.

గ్యాసు సిలిండరులో ఎంత మిగిలిందో చూడటానికి మా అమ్మ తడిగుడ్డతో దాన్ని పైనుంచి కింది దాకా తుడిచేది. ఖాళీగా ఉన్న పై భాగం గబగబా ఆరిపోతుంది, లోపల ద్రవం ఉన్నంత మేర తడి ఇంకాసేపు నిలుస్తుంది. ఆ తడి అంచే లెక్క. సిలిండరు విప్పలేదు, బరువు తూచలేదు. లోపల ఉన్నది తన ఉనికిని ఇనుము గోడ మీదికి తెచ్చి చూపించింది. బ్యాటరీ కూడా అలా తన గోడ మీద ఏదో ఒకటి చూపిస్తుందా అని నేను వెతకడం మొదలుపెట్టాను. చూపిస్తుందని తెలిసింది.

చార్జి ఎక్కుతున్నప్పుడు లిథియం గ్రాఫైట్ పొరల మధ్యకు వెళ్లి కూర్చుంటుంది. పొరలు ఎడమవుతాయి. నిండా చార్జి అయ్యేసరికి గ్రాఫైట్ ఘనపరిమాణం సుమారు పది శాతం పెరుగుతుంది. దాని రంగు కూడా నలుపు నుంచి నీలం, ఎరుపుల మీదుగా బంగారు రంగుకు మారుతుందట. ఆ బంగారం మనకు కనిపించదు గానీ ఉబ్బు మాత్రం సెల్ గోడ దాకా వస్తుంది. చార్జి దిగితే మళ్లీ సర్దుకుంటుంది. రోజూ ఊపిరి పీల్చి వదిలినట్టు. ఆ ఊపిరిని పట్టుకోవడానికి ఒక పల్చటి షీటు మీద అచ్చువేసిన గీత చాలు. గోడ సాగితే గీత సాగుతుంది, గీత సాగితే దాని నిరోధం మారుతుంది. కూరగాయల కొట్టులోని తూకం యంత్రం బరువు కొలిచేది కూడా ఈ సూత్రంతోనే. ఆ యంత్రాల కీప్యాడ్లు చేసిన నాకు ఇది ముందే తట్టవలసింది.

మా కార్ఖానాలోనే ప్రయత్నించాను. పాత ప్యాకులు విప్పే చోట ఒక 3.2 వోల్టుల సెల్ కొన్నాను. తూకం యంత్రాల్లో వాడే చిన్న కొలత బోర్డు ఎస్‌పీ రోడ్డులో దొరికింది. రిపేరు పని చేసే ఒక మిత్రుడు సాయం చేశాడు. మొదట కార్బన్ ఇంకుతో ఒకే గీత అచ్చువేసి సెల్ గోడ మధ్యలో అంటించాను. అంకెలు చక్కగా పెరిగాయి. ఆ రాత్రి సంతోషంతో నిద్ర పట్టలేదు. తెల్లారి చూస్తే చార్జి పెట్టకుండానే అంకెలు పెరుగుతున్నాయి. నా గీత కొలుస్తున్నది బ్యాటరీ ఊపిరిని కాదు, కార్ఖానా రేకుల మీద పడుతున్న ఎండను. కార్బన్ ఇంకు వేడికీ మారుతుంది, చెమ్మకీ మారుతుంది.

తరవాత నాలుగు గీతలతో, నిరోధంలో చిన్న తేడానూ పట్టే వీట్‌స్టన్ బ్రిడ్జి అచ్చువేశాను. సాగే చోట రెండు, సాగని చోట రెండు. వేడి నాలుగింటినీ ఒకేలా మారుస్తుంది గనక దాని ప్రభావం చాలావరకు కొట్టుకుపోతుంది. పక్కనే వేడి కొలిచే గీత ఇంకొకటి వేశాను. మీద చెమ్మ తగలకుండా ఇన్సులేషన్ పొర అచ్చువేశాను. వెండి గీతల చివరలను కార్బన్‌తో కప్పాను. ఎందుకంటే చెమ్మ ఉన్న చోట పక్కపక్క గీతల మధ్య వోల్టేజి ఉంటే వెండి గీత నుంచి సన్నని కొమ్మలు పుట్టి పక్క గీతను తాకుతాయి. కీప్యాడ్లలో ఈ దెబ్బ తిని నేర్చుకున్న పాఠం అది. సెల్‌ను రెండు అల్యూమినియం పలకల మధ్య బిగించి, ప్యాకులో ఉన్నట్టే ఉంచి చూశాం.

ఈసారి కనిపించినది నేను అనుకున్నట్టు లేదు. చార్జి ఎక్కుతుంటే అంకెలు మొదట పెరిగాయి. మధ్యలో ఆగి, కాస్త వెనక్కి తగ్గాయి. చివర్లో మళ్లీ గట్టిగా ఎక్కాయి. పొరపాటేమోనని వారం పాటు ఎక్కించీ దించీ చూశాను, ప్రతిసారీ అదే ఆకారం. కారణం తరవాత చదివి తెలుసుకున్నాను. గ్రాఫైట్ ఉబ్బుతున్నప్పుడే రెండో వైపున ఐరన్ ఫాస్ఫేట్ తన లిథియం పోగొట్టుకుని ఆరేడు శాతం కుంచించుకుపోతుంది. గ్రాఫైట్ ఒకే తీరున ఉబ్బదు, దశలు దశలుగా ఉబ్బుతుంది. మధ్య దశలో దాని ఉబ్బు మందగించినప్పుడు అటువైపు కుంచించుకోవడమే పైచేయి అవుతుంది. మొదట నిరాశపడ్డాను. సూటిగా పెరగని కొలతతో చార్జి ఎలా చెప్పగలం అనుకున్నాను. ఆలోచించే కొద్దీ ఇదే దాని గొప్ప అనిపించింది. వోల్టేజి చదునుగా ఏమీ చెప్పకుండా ఉండే మధ్య భాగంలోనే ఈ ఉబ్బుకు రెండు మలుపులు ఉన్నాయి. మలుపు దాటినప్పుడల్లా మీ చిట్టా పుస్తకాన్ని సరిచూసుకోవచ్చు. ప్యాకు వంద శాతం నిండే దాకా ఎదురుచూడనక్కర్లేదు. దారిలో మైలురాయి కనిపించినప్పుడు ఎంత దూరం వచ్చామో సరిచూసుకున్నట్టే. మధ్యాహ్నం నలభై నిమిషాల చార్జింగ్‌లోనే ఆ మలుపు రావచ్చు.

ఈ విషయం మీద విదేశాల్లో మంచి పరిశోధనలు జరిగాయి, ఉబ్బు కొలతను కలిపితే ఈ రకం బ్యాటరీల చార్జి అంచనా మెరుగవుతుందని చూపించాయి. వాటిని మీరు నాకంటే ముందే చదివి ఉంటారు. నా సెల్ ఒక్కటి, నా వారం ఒక్కటి. దాన్ని రుజువుగా మీ ముందు పెట్టడం లేదు. ఇది పీణ్యలో, మామూలు ఫ్రేముతో, ఇంకును అదిమి లాగే మామూలు స్క్వీజీతో, 130 డిగ్రీల ఓవెన్‌లో ఆరబెట్టి చేయగల పని అని మాత్రం నా చేతులతో చేసి చెబుతున్నాను.

ఖర్చు లెక్క కూడా చెప్పాలి, ఎందుకంటే ప్రతి సమావేశంలోనూ మిమ్మల్ని మొదట అడిగేది అదే అయి ఉంటుంది. అర మిల్లీమీటరు వెడల్పు, 30 సెంటీమీటర్ల పొడవు, 10 మైక్రాన్ల మందం ఉన్న వెండి ఇంకు గీత ఘనపరిమాణం ఒకటిన్నర ఘన మిల్లీమీటర్లు. ఆరిన ఇంకు బరువు పది మిల్లీగ్రాములు దాటదు. అంటే ఒక గ్రాము వెండితో నూరు సెన్సర్లకు పైగా అవుతాయి. షీటు, కార్బన్ ఇంకు, శ్రమ కలిపినా మీ ప్యాకు ధరలో లెక్కలోకి రాని మొత్తం. నిజానికి సెన్సరు కంటే దాని తోకకు, అంటే గీతలను బయటికి తెచ్చే పట్టీకి, తగిలించే కనెక్టరే ఎక్కువ ఖరీదు, కొలిచే చిప్పు ఇంకా ఎక్కువ. అందుకే పదహారు సెల్స్‌కు పదహారు ముక్కలు వేరువేరుగా కాకుండా, అన్నిటి గీతలనూ ఒకే షీటు మీద అచ్చువేసి ఒకే తోకతో బయటికి తీయాలి. కీప్యాడ్లలో నలభై బొత్తాల తీగలను ఒకే తోకలోకి తేవడం మా రోజువారీ పని. సెల్స్ మధ్య ఖాళీలోకి జొనిపే పల్చటి షీటుగా దీన్ని చేయవచ్చు.

అచ్చువేసిన సెన్సరు అనగానే బొమ్మల పని అనుకునేవాళ్లు ఉన్నారు. చక్కెర వ్యాధి ఉన్న ఇంట్లో రోజూ రక్తం చుక్క వేసే పట్టీని చూడండి. దానిలో చాలా రకాలకు ఎలక్ట్రోడ్లు స్క్రీన్ ప్రింటింగ్‌తో వేసిన కార్బన్ ఇంకువే. 1980ల చివర్లో బజారుకు వచ్చిన ఆ పట్టీ, ఒకప్పుడు ఆస్పత్రి ప్రయోగశాలలో మాత్రమే తెలిసే సంగతిని వంటింటి బల్ల మీద తెలుసుకోవడాన్ని ఇంకా సులువు చేసింది. 1990ల్లో డ్యూరాసెల్ తన చిన్న సెల్ ఒంటి మీదే చార్జి కొలిచే పట్టీ పెట్టింది. రెండు చుక్కల మీద వేళ్లతో నొక్కితే అచ్చువేసిన ఒక గీతలో కరెంటు పారుతుంది. గీత ఒక చివర సన్నగా, రెండో చివర వెడల్పుగా ఉంటుంది. సన్నని చోట ముందు వేడెక్కుతుంది, చార్జి ఎక్కువ ఉన్న కొద్దీ వేడి వెడల్పు వైపు పాకుతుంది. దాని మీద వేసిన రంగు వేడికి మాయమై కింది రంగు బయటపడుతుంది. చిప్పు లేదు, తెర లేదు. సెల్‌లో ఎంతుందో సెల్ ఒంటి మీదే చదువుకోవచ్చు. పసిపిల్లకు కూడా అర్థమయ్యేలా ఉన్న ఆ పట్టీ గురించి చదివిన రోజు, దాన్ని ఊహించిన మనిషికి మనసులోనే నమస్కరించాను.

మీకు వచ్చే అనుమానాలు నాకూ ఉన్నాయి. జిగురు అయిదేళ్లు నిలుస్తుందా? సెల్ పాతబడే కొద్దీ శాశ్వతంగా కొంత ఉబ్బుతుంది, ఆ ఉబ్బునూ రోజువారీ ఊపిరినీ వేరుచేయాలి. ఒక్కో ప్యాకులో బిగింపు ఒక్కో తీరున ఉంటుంది. ఈ రోడ్ల గుంతల్లో కుదుపులు వేరే. వేసవిలో ప్యాకు లోపల వేడి మా ఓవెన్ అంత కాకపోయినా తక్కువేమీ కాదు. వీటికి జవాబులు నా దగ్గర లేవు. కానీ శాశ్వతంగా పెరిగే ఆ ఉబ్బే బ్యాటరీ వయసు చెబుతుంది గనక, దాన్ని కొలవడం వల్ల నష్టం లేదు, ఇంకో ప్రయోజనం ఉంది. రెండో చేతి ఆటో కొనేవాడు ఈ రోజు కళ్లు మూసుకుని కొంటున్నాడు. ఎండాకాలంలో ఒక సెల్ పక్క సెల్ కంటే వేడెక్కుతోందని ప్రతి సెల్ మీదా ఉన్న గీత ముందే చెబితే, అది చార్జి లెక్క కంటే పెద్ద సాయం.

2022లో విద్యుత్ స్కూటర్లు వరసగా తగలబడ్డాక కేంద్ర ప్రభుత్వం ఇలాంటి బండ్ల బ్యాటరీల భద్రతకు సంబంధించిన ఏఐఎస్-156 నిబంధనలను బిగించింది. ఆ ఏడాది డిసెంబరు 1 నుంచి ఒక విడత, 2023 మార్చి 31 నుంచి రెండో విడత అమలయ్యాయి. భద్రత విషయంలో మీరు పడిన శ్రమ ఎంతో నాకు తెలుసు, ఎందుకంటే ఆ నెలల్లో మీ సరఫరాదారుల నుంచి మాకూ రాత్రింబవళ్లు పని వచ్చింది. కానీ ఆటోలో ప్రయాణికుడు చూసే మీటరుకు తూనికలు కొలతల శాఖ వారు ముద్ర వేస్తారు. డ్రైవరు చూసే చార్జి మీటరుకు అలాంటి ముద్ర ఏదీ లేదు. ప్రయాణికుడి డబ్బుకు ఉన్న రక్షణ డ్రైవరు డబ్బుకు ఎందుకు ఉండకూడదు? ఐరోపా సమాఖ్య 2023లో తెచ్చిన బ్యాటరీ చట్టం ప్రకారం 2027 ఫిబ్రవరి నుంచి విద్యుత్ వాహనాల బ్యాటరీలకు డిజిటల్ పాస్‌పోర్టు, అంటే బ్యాటరీ వివరాలు నమోదైన ఎలక్ట్రానిక్ పత్రం, తప్పనిసరి. బ్యాటరీ ఆరోగ్యం ఎలా ఉందో కొన్నవాడు తెలుసుకునే ఏర్పాటు కూడా ఆ చట్టంలో ఉంది. అక్కడికి ఎగుమతి చేయాలనుకునేవారు మీలో ఉంటే ఆ పని ఎలాగూ చేస్తారు. యశ్వంతపురంలో నడిచే ఆటోకూ అదే చేయండి. చట్టం వచ్చే దాకా ఆగకండి.

సెన్సరు సంగతి తేలడానికి సమయం పట్టవచ్చు. అంతలోగా ఈ నెలలోనే చేయగలిగిన పని ఒకటి ఉంది. పలక మీద ఒకే అంకె చూపించడం మానండి. 22 అని కాకుండా, లెక్క ఎంతవరకు నమ్మదగినదో చూసి 12 నుంచి 26 మధ్య అని చూపించండి. ప్యాకు చివరిసారి పూర్తిగా నిండి ఎన్ని రోజులైందో చూపించండి. అన్నిటికంటే బలహీనమైన సెల్ ఎక్కడుందో ఒక చిన్న గీతతో చూపించండి. ఆ సాయంత్రం అన్నయ్యకు 12 అని కూడా కనిపించి ఉంటే ఆ పెద్దవాళ్లను ఎక్కించుకునేవాడు కాదు. డ్రైవర్లకు అర్థం కాదని మీలో కొందరు అంటారని విన్నాను. అదే డ్రైవరు చార్జింగ్ ఖర్చు, టైరు గాలి, బేరం దూరం, ట్రాఫిక్, వడ్డీ అన్నీ ఒకేసారి మనసులో లెక్క వేసి బండి తిప్పుతాడు. అతనికి తెలియని భాష ఏదీ మీ పలక మీద లేదు. అతని దగ్గర దాచిన అంకెలు మాత్రం ఉన్నాయి.

ఇక పని సంగతి. ఈ గీతల గురించి పరిశోధించేవారు మనకు దగ్గరలోనే ఉన్నారు. భారతీయ విజ్ఞాన సంస్థ మా కార్ఖానా నుంచి కొద్ది కిలోమీటర్ల దూరమే. మద్రాసు ఐఐటీలో బ్యాటరీల కోసం, విద్యుత్ వాహనాల కోసం ప్రత్యేకంగా ఒక కేంద్రం ఉంది. ముద్రించిన, వంగే ఎలక్ట్రానిక్స్ కోసం కాన్పూరు ఐఐటీలో ఒక కేంద్రం ఉంది. వాళ్లకు జ్ఞానం ఉంది, మీకు ప్యాకులు ఉన్నాయి, మాకు ఫ్రేములు ఉన్నాయి. ముగ్గురం ఒక గదిలో కూర్చున్న రోజు నేను ఎరిగినంతలో ఒక్కటీ లేదు. పీణ్యలో నాలాగా మెంబ్రేన్ పని చేసేవాళ్లకు కీప్యాడ్ల పని ఏటేటా తగ్గుతోంది. టచ్ తెరలు వచ్చాక బొత్తాలు ఎవరికి కావాలి? మా దగ్గర పదేళ్లుగా పనిచేస్తున్న అమ్మాయిలు ఉన్నారు. ఇంకు చిక్కదనం కంటితో చూసి చెప్పగలరు, గీతలో వెంట్రుకంత తెగినా వేలు ఆనించి పట్టుకోగలరు. ఆ చేతులను పోగొట్టుకున్నాక మళ్లీ తయారుచేయడానికి ఇంకో ఇరవై ఏళ్లు పడుతుంది.

మీ నుంచి నాకు డబ్బు అక్కర్లేదు. మీరు పక్కన పడేసే పాత సెల్స్ ఓ ఇరవై, రకరకాల వయసులవి ఇవ్వండి. ప్యాకు లోపల రెండు సెల్స్ మధ్య ఎంత ఖాళీ ఉంటుందో, వాటిని ఎంత బిగువుతో కడతారో కొలతలు ఇవ్వండి. మీ బీఎంఎస్‌లో ఉబ్బు కొలతకు ఒక చిన్న ద్వారం తెరిచి ఉంచగలరేమో చూడండి. మీలో ఒక్క యువ ఇంజనీరు వారానికి ఒక పూట వచ్చి మా బల్ల దగ్గర నిలబడితే, నేను చేసిన తప్పులు సగం తొందరగా పట్టుబడతాయి. షీట్లు, ఇంకు, ఓవెన్ ఖర్చు మాది. మొదటి నూరు ముక్కలు మేమే అచ్చువేసి ఇస్తాం.

కొత్త ఫ్రేము బిగించి పెట్టాను, నాలుగు గీతల బ్రిడ్జి బొమ్మ దాని మీద ఎక్కించి ఉంది. అన్నయ్యతో కూడా మాట్లాడాను. పరీక్ష కోసం తన ఆటో ప్యాకు విప్పుకోవడానికి ఒప్పుకున్నాడు, ఒకే షరతు మీద: సోమవారం తెల్లవారుజామున మార్కెట్ బేరాలకు బండి సిద్ధంగా ఉండాలి. ఆదివారం ఉదయం ఏడింటికల్లా కార్ఖానా తలుపు తెరిచి ఉంచుతాను.

ఇట్లు,
ఒక స్క్రీన్ ప్రింటింగ్ కార్మికురాలు,
పీణ్య, బెంగళూరు